ఏరువాక ఒంటరిగా సాగదు

వరి చుట్టూ అల్లుకున్న ఆచారాల మాట ఎత్తగానే మనలో రెండు వాదనలు మొదలవుతాయి. ఇదంతా చాదస్తం, వాన పడుతుందో లేదో తెలియని రోజుల్లో భయం కొద్దీ పుట్టిన మూఢనమ్మకం అని కొందరు. మన పెద్దలకు అన్నీ ముందే తెలుసు, ప్రతి ఆచారం వెనకా సైన్స్ ఉంది అని ఇంకొందరు. చేలో దీపం పెట్టింది పురుగుల్ని చంపడానికట, పసుపునీళ్ళు చల్లింది తెగుళ్ళు రాకుండానట.

నాకు రెండూ సరిపడవు. రెండోదాని వల్లే ఎక్కువ నష్టమని కూడా అనిపిస్తుంది. దీపం పురుగుల్ని చంపడానికే పెట్టారని చెప్పామనుకోండి, రేపు ఎవరో లెక్కగట్టి, ఒక దీపానికి చచ్చే పురుగులు ఏ మూలకీ రావని తేల్చేస్తారు. దాంతో దీపం పోతుంది. దీపం పెట్టడానికి నలుగురూ గట్టు మీద చేరే సాయంత్రమూ పోతుంది. ఆ సాయంత్రం వల్ల ఏం జరిగేదో ఎవరూ అడగరు.

మాది గోదావరి డెల్టాలో శివారు ఊరు. ఎగువ పొలాలన్నీ తడిశాక, మిగిలితే మా వైపు నీళ్ళు వస్తాయి. నాన్న ఇప్పటికీ సార్వా (వానాకాలం వరి), దాళ్వా (ఆ తర్వాతి రెండో పంట) రెండూ వేస్తారు, సొంతం కొంత, కౌలు కొంత. శివారులో పుట్టి పెరిగినవాళ్ళకు చిన్నప్పుడే ఒక సంగతి తెలిసిపోతుంది. వరి ఒక్కడు పండించుకునే పంట కాదు. వరి ఆచారాలు పైరుకు ఎంత మేలు చేశాయన్నది నేను అంతగా పట్టించుకోను, ఊరికి చేసిన మేలు మాత్రం కళ్ళకు కనిపిస్తుంది. ఎగువవాళ్ళనీ దిగువవాళ్ళనీ, ఒకరి ముఖం ఒకరు చూసుకోని దాయాదులనీ, ఒకే వారంలో ఒకే పని మొదలుపెట్టేలా చేశాయవి. ఆచారం పోయినచోట ఆ ఒప్పందమూ పోయింది. దాని స్థానంలో మనం ఇంకేదీ తెచ్చి పెట్టలేదు.

ఇంత పట్టింపు వరికే ఎందుకంటే, కారణం నీళ్ళు. జొన్న, కంది, మిరప వేసేవాడు తన చేను తాను చూసుకుంటే చాలావరకు గడుస్తుంది. వరి అలా కాదు. మా దగ్గర చాలా మళ్ళకు విడిగా బోదె, అంటే పిల్లకాలువ, లేదు. పై మడి నిండి, దాన్నుంచి కింది మడికి దిగాలి. పైవాడు నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేస్తే తప్ప కిందివాడికి దమ్ముకు నీళ్ళు రావు. పైవాడు యూరియా చల్లిన రోజునే కిందివాడు నీళ్ళ కోసం గట్టు తెగ్గొడితే ఎరువంతా కొట్టుకుపోతుంది. పై చేను కోతకొచ్చి ఆరగట్టాల్సిన సమయానికి కింది చేను ఇంకా పొట్ట మీదుంటే, అంటే కంకి లోపలే ఉంటే, ఒకరికి నీళ్ళు వద్దు, ఒకరికి నీళ్ళు కావాలి. ఇక గొడవ ఖాయం. ఎలుకల సంగతీ అంతే. చుట్టూ అందరి చేలూ ఒకేసారి ఈనితే నష్టం అందరికీ తలా కాస్త పడుతుంది. నీది ఒక్కటే ముందు ఈనిందా, ఊళ్ళో ఎలుకలన్నీ నీ చేలోనే. నువ్వొక్కడివే మందు పెడితే అవి పక్క చేలో నాలుగు రోజులుండి తిరిగి వస్తాయి.

సుడిదోమ దగ్గర ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ పురుగు బతకాలంటే వరే కావాలి. కోతలయ్యాక కొన్నాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా పచ్చి వరి లేకపోతే దాని సంతతి చాలావరకు తెగిపోతుంది. ఒక చేను కోస్తున్న రోజున పక్క చేను పచ్చగా ఉంటే దానికి ఏడాది పొడుగునా తిండే. కంగారుపడి మందు మీద మందు కొడితే, దోమను తినే సాలీళ్ళు ముందు చస్తాయి, ఆ తర్వాత దోమ మరింత ఉధృతంగా వస్తుంది. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతారు. మంచి సలహా, నాన్న వదులుతారు. కానీ కాలిబాట ఒక చేను లోపలి సంగతి. దోమ సరిహద్దు రాయి చూసి ఆగదు.

ఈ విషయంలో అందరూ తెలుసుకోవాల్సిన అనుభవం ఇండోనేషియాలోని బాలి ద్వీపానిది. అక్కడ ఒకే కాలువ కింద సేద్యం చేసే రైతుల సంఘాన్ని సుబక్ అంటారు. నీళ్ళు వచ్చే దారి పొడుగునా గుళ్ళే. మడి మూలలో చిన్న గూడు లాంటిది, కాలువ చీలే చోట ఒకటి, ఆనకట్ట దగ్గర మరొకటి, అన్నిటికీ పైన బతుర్ సరస్సు దేవత గుడి. ఏ సుబక్ ఎప్పుడు నీళ్ళు తీసుకోవాలి, ఎప్పుడు నాటాలి, ఎప్పుడు మళ్ళు ఖాళీగా ఉంచాలి అన్నవి ఈ గుళ్ళ పూజలతో ముడిపడి ఉండేవి, రైతుల సమావేశాల్లో తేలేవి. 1970లలో హరిత విప్లవం ఆ ద్వీపానికీ వచ్చింది. కొత్త వంగడాలు, ఎరువులు, మందులు ఇచ్చి, గుడి తేదీలు పక్కనపెట్టి, ఏడాదిలో ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు నాటుకోమన్నారు. మొదట్లో దిగుబడి పెరిగింది. కొన్నాళ్ళకే నీళ్ళ వంతులు తలకిందులయ్యాయి. సుడిదోమా దాని వెంట వైరస్ తెగుళ్ళూ చేలను ఊడ్చేశాయి.

అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసిన అమెరికన్ మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, జీవావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రెమర్‌తో కలిసి, ఆ నదీలోయల సేద్యాన్నంతా కంప్యూటర్ మీద నమూనాగా కట్టి చూశారు. ఎవరికి వారు నాటితే పురుగు పెరిగిపోతుంది. లోయంతా ఒకేసారి నాటితే నీళ్ళు చాలవు. రెంటికీ మధ్య ఎక్కువ పంట ఇచ్చే ఏర్పాటు ఏదని వెతికితే, గుళ్ళు నడిపిన పద్ధతికి దగ్గరగా వచ్చింది. 2012లో యునెస్కో ఈ సుబక్ వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దానికి చాలా ముందే, 1986లో, దోమ దెబ్బకు తట్టుకోలేక ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాల్సి వచ్చింది.

ఇందులో శివారువాడిగా నన్ను బాగా పట్టేసిన విషయం ఒకటుంది. ఎగువ రైతుకు నీళ్ళ భయం లేదు, మరి దిగువవాడి మాట ఎందుకు వింటాడు? పురుగు భయం ఉంది కాబట్టి. దిగువవాళ్ళు తమకు నీళ్ళు అందలేదని కోపగించి వేరే తేదీకి నాటితే, ఆ పచ్చదనంలో పెరిగిన పురుగు ఎగువ చేల మీద పడుతుంది. అందుకని నీళ్ళు కాస్త వదిలి, తేదీ కలుపుకోవడమే ఎగువవాడికీ లాభం. ఈ బేరం కుదిరేది గుడి దగ్గర. దేవత నీళ్ళు పంచిందని నేను అనను. దేవత పేరు మీద కూర్చున్నప్పుడు ఎగువవాడు దిగువవాడిని కసిరి పంపలేకపోయాడు అంటాను. నా దృష్టిలో అదే ఆ గుడి చేసిన పెద్ద పని.

మన దగ్గర ఆ పనిలో కొంత భాగం కార్తెలు చేశాయి. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం, 13 లేదా 14 రోజులు. పండగలకు చంద్రుణ్ణి నమ్ముకున్న మన రైతు సేద్యానికి మాత్రం సూర్యుణ్ణే నమ్ముకున్నాడు. అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్లో వస్తుంది, మృగశిర మాత్రం ఏటా జూన్ 7, 8 తేదీలకే వస్తుంది. మే చివర రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిరతో తొలకరి, జూన్ 21, 22కి ఆరుద్ర. నైరుతి రుతుపవనాలు మామూలుగా మన రాష్ట్రాల్లో అడుగుపెట్టేది జూన్ మొదటి పది రోజుల్లోనే కాబట్టి లెక్క చక్కగా సరిపోతుంది. గడియారం, క్యాలెండర్ లేని ఊరికి ఒక కూలికీ, ఒక ఆసామికీ, ఒక కౌలుదారుకీ ఒకేలా అర్థమయ్యే తేదీ అది. మా మామ్మకు ఇంగ్లీషు నెలలు సరిగ్గా తెలియవు. ఆశ్లేష వెళ్ళి మఖ వచ్చిందంటే మాత్రం ఊళ్ళో ఏ చేలో ఏ పని జరుగుతూ ఉండాలో ఇంట్లో కూర్చుని చెప్పేది.

'పుబ్బలో పుట్టెడు చల్లేకంటే మఖలో మానెడు చల్లడం మేలు' అని సామెత. మఖ తర్వాతి కార్తె పుబ్బ, ఆగస్టు చివర మొదలవుతుంది. ఆలస్యమైతే ఎంత విత్తనం పోసినా పంట రాదని దీని భావం. ఇది వట్టి హెచ్చరిక కాదు. వెనకటి సార్వా రకాల్లో చాలావాటికి పగటిపొద్దు తగ్గడమే పూతకు సంకేతం. జూన్‌లో నాటినా ఆగస్టులో నాటినా దాదాపు ఒకేసారి ఈనేవి. ఆలస్యంగా నాటిన చేనుకు దుబ్బు కట్టి, పిలకలు వేసి, బలం పుంజుకునే సమయమే మిగలదు. అదను చూసి చల్లిన మానెడు, అదను తప్పిన పుట్టెడు కన్నా ఎక్కువ ఇవ్వడానికి కారణం ఇదే. ఊరంతటినీ ఒకే సమయంలో ఈనించే గడియారం అప్పట్లో మొక్కలోనే ఉండేది.

1966లో ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్8 అనే వరి వంగడం వచ్చింది. మన పశ్చిమ గోదావరిలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దాన్ని పండించి దేశం మొత్తం తన చేను వైపు చూసేలా చేశారు. ఆ వంగడం గొప్పదనం పొట్టి కాండం, బరువు కంకి మాత్రమే కాదు, పగటిపొద్దుతో దానికి పని లేదు. ఏ నెలలో నాటినా ఇన్ని రోజులకు కోత అంటే అన్ని రోజులకే. దాళ్వా ఇంతగా విస్తరించింది ఇలాంటి రకాల వల్లే. నేను వీటికి వ్యతిరేకిని కాదు, మా ఇల్లు నిలబడింది ఈ రకాల మీదే. కానీ మొక్కలోని గడియారం తీసేసిన రోజున, ఆ పని మనుషులు చేయాల్సి వచ్చిందన్న సంగతి ఎవరూ రైతుకు చెప్పలేదు. సరిగ్గా అదే కాలంలో మనుషులను కలిపే రోజులు కూడా ఒక్కొక్కటే రాలిపోయాయి.

కార్తెలను వేదవాక్కులా పట్టుకోమని కూడా నేను చెప్పను. కార్తె లెక్కకు ఆధారం నక్షత్రాలు, ఋతువులకు ఆధారం భూమి అక్షం వాలు. ఈ రెంటి మధ్యా దాదాపు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున తేడా పేరుకుంటుంది. వెయ్యేళ్ళకు అది 14 రోజులు, అంటే పూర్తిగా ఒక కార్తె. మన తాతముత్తాతల మృగశిర ఋతువుల లెక్కలో ఇప్పటి మృగశిర కన్నా ముందు వచ్చేది. కాబట్టి ఈ సామెతలు ఏనాడో ఒకసారి పుట్టి అలాగే ఉండిపోయినవి కాలేవు. వాన మారినప్పుడల్లా, విత్తనం మారినప్పుడల్లా ఊళ్ళు వాటిని సరిచేసుకుంటూ వచ్చి ఉండాలి. మనమే ఆ సరిచేసుకునే అలవాటు మానేసి, పాత మాటను అటకెక్కించి దండం పెడుతున్నాం.

ఏరువాక పున్నమి విషయానికి వద్దాం. జ్యేష్ఠ పున్నమి నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజ చేసి, మొదటి చాలు తోలడం. ఇది తిథి ప్రకారం వచ్చే పండగ కాబట్టి ఒక ఏడు జూన్ మొదట్లో, ఇంకో ఏడు నెల చివర్లో పడుతుంది. అదనుకు సరిపోయే తేదీ కావాలంటే ఇది పనికిరాదు, అందుకు కార్తె ఉంది. మరి ఏరువాక ఎందుకు? ఎవరి అరకలు సిద్ధంగా ఉన్నాయి, ఎవరి ఎద్దు కుంటుతోంది, ఎవరింట్లో విత్తనం లేదు అన్నవి ఆ రోజు ఊరి కళ్ళ ముందుకు వచ్చేవి. పూజకు ఎద్దును తోలుకురాలేని ఇల్లు అందరికీ తెలిసిపోయేది. బదులు అరక ఎవరిస్తారు, ఎన్ని రోజుల పని తిరిగి చేయాలి అన్న మాటలు అక్కడే నడిచేవి.

గోదావరి ఏజెన్సీలో కోయలకు ఇది ఇంకా సజీవంగా ఉంది. విత్తనానికి ఒక పండుం (పండగ), కొత్త పంటకు ఒక పండుం. ఆ రోజు ఎప్పుడన్నది ఊరి పెద్దలు కూర్చుని తేలుస్తారు. దేవతకు పెట్టేదాకా కొత్త పంట ఎవరూ నోట పెట్టరు. తెలంగాణలో చెరువు ఉన్నచోటల్లా కట్ట మీద మైసమ్మ ఉంటుంది. కాకతీయుల కాలం నాటి పెద్ద చెరువుల నుంచి చిన్న కుంటల దాకా కట్టమైసమ్మకు బోనం పెట్టాలంటే ఊరు కట్ట ఎక్కాల్సిందే. కట్ట ఎక్కినవాళ్ళకు ఎక్కడ తేమ ఊరుతోందో, తూము ఎలా ఉందో కనబడక మానదు. తూము తెరిచి మూసే నీరటికి ఊరంతా కలిసి పంటలో వాటా ఇచ్చేది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీశారు, మంచి పని. పూడిక మిషన్‌తో తీయొచ్చు, కట్ట మీదికి ఊరిని తెచ్చేది మాత్రం మైసమ్మే.

ఇలా అన్నిటికీ ప్రయోజనం చెబుతూ పోతే నేనూ ఆ రెండో వాదన వైపు జారిపోయే ప్రమాదం ఉంది. ఏ ప్రయోజనానికీ లొంగని ఆచారాలు కూడా ఉన్నాయి, వాటి మీద నాకు ప్రేమ ఎక్కువ. వరి పొట్ట దశకు వచ్చినప్పుడు మన పక్కనే ఉన్న ఒడిశాలో తులా సంక్రమణం రోజున గర్భణ సంక్రాంతి చేస్తారు. చేనును గర్భిణిగా భావించి పూజిస్తారు. థాయిలాండ్‌లో వరి తల్లి మే ఫోసోప్‌కు ఆ సమయంలో పుల్లటి పళ్ళు పెడతారు, కడుపుతో ఉన్న మనిషికి పులుపు మీద మనసు పోతుంది కదా అని. పళ్ళతో పాటు దువ్వెన, అద్దం, పౌడరు కూడా. బాలిలోనూ వరి కడుపు పండే దశకు ఒక క్రతువు ఉంది. ఇంత దూరదూరంగా ఉన్న ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒకే పైరును చూసి ఒకే రకంగా కరిగిపోయారు.

మా ఇంట్లో పూజ ఏమీ ఉండదు. కానీ చేను పొట్ట మీదుందంటే అమ్మ చెప్పులు గట్టు మీద విడిచి దిగుతుంది. అప్పుడు మోకాలి పైదాకా పెరిగిన దుబ్బుల మధ్య నడవాలంటే కాళ్ళకు ఆకు అంచులు కోసుకుంటాయి. ఒక పిలకను రెండు వేళ్ళతో పట్టుకుని కింది నుంచి పైకి మెల్లగా నొక్కుతూ పోతుంది. పై ఆకు తొడుగులో ఒకచోట లావుగా, మెత్తగా తగులుతుంది, లోపల కంకి ఉన్నట్టు. ఒక్క పిలకను కూడా చీల్చి చూడదు. నేను చిన్నప్పుడు చీలుస్తుంటే చేయి పట్టుకుని, "కడుపుతో ఉన్నదాన్ని అలా హింసపెట్టకూడదమ్మా" అంది. కంకి పూసి సుంకు పడే వారంలో ఎండ బాగా కాసి గాలి నెమ్మదిగా ఉండాలని, వాన పడకూడదని ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని ప్రేమతో పాటించడం వేరు, దాన్ని పాఠంలా ఒప్పజెప్పడం వేరు. ఆ పైరు తన ఇంటి మనిషి అనుకునే రైతు, ధర రాని ఏడు కూడా చేను ఎండబెట్టి వెళ్ళిపోలేడు. అది బలమో, బలహీనతో, దేశం మాత్రం దాని మీదే అన్నం తింటోంది.

కళ్ళం సంగతి చెప్పకుండా వరి ఆచారాల మాట పూర్తి కాదు. కోసిన పనలు కట్టి, కుప్ప వేసి, పుష్యంలోనో ముందో కుప్ప నూర్చేవారు. పేడతో అలికిన కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ వచ్చేవారు కాదు. గాలి చూసుకుని తూర్పారబట్టి, రాశి పోసి, దాని చుట్టూ బూడిదతో గీత గీసేవారు. తాతయ్య కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవారు కాదు. 'లాభం' అనేవారు, తర్వాత రెండు, మూడు. ఎవరూ మాట్లాడకూడదు, మధ్యలో లెక్క అడగకూడదు. పక్కన వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి తమ మేరల కోసం, అంటే ఏడాది పనికి పంటలో వచ్చే వాటా కోసం, నిలబడి ఉండేవారు. చేలో రాలిన పరిగె ఏరుకునే హక్కు పేదవాళ్ళది, ఆసామి దాన్ని ఏరించుకుంటే ఊరు తప్పుపట్టేది. మిగిలిన మంచి కంకులు ఏరి కుచ్చులు అల్లి వసారాలో దూలానికి కట్టేవారు, పిచ్చుకల కోసం.

ఇదంతా పోయింది ఎవరో హేతువాదం చెప్పినందుకు కాదు. కోత మిషన్ వచ్చింది. చేలోకి దిగిన గంటల్లో ధాన్యం ట్రాక్టర్‌లో పడుతుంది, తేమ 17 శాతానికి రావాలని రోడ్డు పక్కన పట్టాల మీద ఆరబోస్తాం, అక్కడి నుంచి కాటా, మిల్లు. పన లేదు, కుప్ప లేదు, కళ్ళం లేదు. కొలిచే మనిషి లేడు కాబట్టి 'లాభం' అనే గొంతూ లేదు. ఆచారానికి నిలబడటానికి చోటు కావాలి, ఆ చోటు పోయింది. నమ్మకం మాత్రం పోలేదు, మిషన్ ముందు నిమ్మకాయలుగా మిగిలింది. ఒక్కడు తన బండి కోసం కట్టుకునే నిమ్మకాయలో మిగతా ఊరికి వాటా ఏదీ లేదు. నా బాధ అక్కడే.

జావాలో ఇలాంటిదే ఇంకోటి జరిగింది. అక్కడ వరిని అనిఅని అనే చిన్న కత్తితో, అరచేతిలో దాచుకుని, ఒక్కొక్క కంకే కోసేవారు. వరి దేవత దేవి శ్రీ పెద్ద కత్తి చూసి బెదరకూడదని. 1970లలో పొట్టి వంగడాలు, కొడవళ్ళు వచ్చాక ఆ కత్తి మూలన పడింది. దానితో పాటు, కోతకు వచ్చిన ఊరి ఆడవాళ్ళందరికీ దొరికే పని, ధాన్యంలో వాటా కూడా తగ్గిపోయాయి. పైకి చూస్తే ఒక మూఢనమ్మకం పోయింది. కిందికి చూస్తే వేల ఇళ్ళ తిండిగింజలు పోయాయి.

పాత కళ్ళం ధర్మపీఠమేమీ కాదు, అది కూడా చెప్పాలి. మేరల కోసం నిలబడినవాళ్ళు చేతులు కట్టుకునే నిలబడ్డారు. నాట్లేసి, కోసి, నూర్చిన మాల మాదిగ కూలీలను రాశికి దూరంగా ఉంచిన కళ్ళాలు ఎన్నో. భర్త పోయిన ఆడమనిషి ఎదురైతే విత్తనం చల్లడం ఆపి వెనక్కి తిరిగేవారు, అదే మనిషి మర్నాడు నడుం వంచి నాట్లు వేయడానికి మాత్రం పనికొచ్చేది. నెలసరిలో ఉన్నవాళ్ళను కళ్ళం దరిదాపులకు రానివ్వలేదు. ఇవి పోవడం మంచిదే, పోనివి ఉంటే పోవాలి. సంప్రదాయం పేరు చెప్పి వీటిని ఎవరైనా వెనకేసుకొస్తే నేను ఆ పక్కన నిలబడను. ఊరును కలిపే రోజు ఊళ్ళో సగం మందిని బయట నిలబెడితే అది తన పని తాను చేయనట్టే.

ఆచారం కొత్తదాన్ని కలుపుకోగలదనడానికి మా డెల్టాయే సాక్ష్యం. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 మధ్య కట్టిన ఆర్థర్ కాటన్‌ను ఇక్కడ కాటన్ దొర అంటారు. ఊరూరా ఆయన విగ్రహాలు, మే 15న పుట్టినరోజుకు దండలు. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం 2000లో విడుదల చేసిన ఎంటీయూ 1010 రకానికి 'కాటన్‌దొర సన్నాలు' అని పేరు పెట్టారు. ఇంజనీరుకు దండ వేసి, ఆయన పేరున్న విత్తనం చల్లే రైతును చాదస్తుడని ఎలా అనగలం?

ఇప్పుడు ఉమ్మడి తేదీ అవసరం తగ్గలేదు, పెరిగింది. 1977 నవంబర్ 19న దివిసీమను, 1996 నవంబర్ 6న కోనసీమను ముంచిన తుపాన్లు రెండూ చేను కోతకు సిద్ధమయ్యే నెలలోనే వచ్చాయి. అందుకే జూన్ మొదట్లోనే కాలువలకు నీళ్ళు వదిలి, నవంబర్ తుపాన్లకు ముందే సార్వా కోసి ఒబ్బిడి చేసుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఆలోచన సరైనదే. కానీ నీళ్ళు వదిలిన తేదీ ఒకటి, ఎగువవాళ్ళు ఆకుమడి (నారుమడి) పోసే తేదీ ఇంకొకటి, మా దగ్గరికి నీళ్ళు చేరే తేదీ మరొకటి. శివారులో నారు ముదిరిపోయి, ఊడ్పులు (నాట్లు) వేసే ముఠా మేస్త్రి వచ్చి, "బాబాయ్, ఈ వారం కాకపోతే మేం ఎగువకి పోతాం" అన్నప్పుడు నాన్న పడే టెన్షన్ నేను చూశాను. నీటి సంఘాల చట్టం 1997లోనే వచ్చింది. కాగితం మీద సంఘం ఉంటే సరిపోదు, అందరూ వచ్చి కూర్చునే రోజు ఒకటి ఉండాలి.

రైతులు కలిసి నిర్ణయం తీసుకోలేరనే మాట నేను ఒప్పుకోను. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. వరినే నమ్ముకున్న రైతుకు చేలు బీడు పెట్టడం ఎంత కష్టమో ఊహించండి. నాటకూడదని ఏకమైనవాళ్ళు, ఎప్పుడు నాటాలో తేల్చుకోవడానికి ఏకం కాలేరా?

నేను అడుగుతున్నది చాలా చిన్నది. ఏరువాకను వేదికలెక్కి ప్రసంగాలు చేసే కార్యక్రమంగా కాకుండా, ప్రతి కాలువకూ ఒక రోజుగా జరుపుకుందాం. లాకుల దగ్గర చేరాలి. ఎగువవాళ్ళు, శివారువాళ్ళు, పొలం కాగితాల్లో పేరు లేని కౌలు రైతులు, ఊడ్పుల ముఠా ఆడవాళ్ళు, కోత మిషన్ యజమాని, కాలువ నీళ్ళు చూసే లస్కరు, అందరూ. కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొడతారు, మొక్కేవాళ్ళు మొక్కుతారు, నమ్మకం లేనివాళ్ళు పక్కన నిలబడతారు. ఆ తర్వాత కింద కూర్చుని నాలుగు తేదీలు తేల్చాలి: ఆకుమడి ఎప్పటిలోగా, ఊడ్పులు ఏ వారం, ఎలుకల మందు ఏ రోజు, దాళ్వా కోతల తర్వాత చేలు ఎన్నాళ్ళు ఖాళీగా ఉండాలి. తప్పినవాడికి మర్నాడు ఇంటికెళ్ళి చెప్పేది ఎవరో కూడా అక్కడే తేలాలి. మా ఊళ్ళో ముందు ఒప్పించాల్సింది కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న భూస్వాములను. పంట తేదీ వాళ్ళ చేతిలో లేదు గానీ బోదె బాగుచేయించే డబ్బు వాళ్ళ దగ్గరే ఉంది, ఆ రోజు వాళ్ళు కూడా లాకుల దగ్గరికి రావాలి.